ఎండగోడ తిన్న ఎరుపు

నమోదు ఒకటి: మూడో మడికి కొత్త రేకులు బిగించిన పూట

ఈ పుస్తకంలో ప్రతి నమోదుకూ తేదీ వేయాలని నియమం. ఆ నియమం పెట్టినవాళ్ళెవరో సూర్యుడు ఉదయించి అస్తమించే లోకం నుంచి వచ్చినవాళ్ళు. మా సూర్యుడు కొండల అంచున ఎర్రటి పళ్ళెంలా ఒకేచోట కూర్చుని ఉంటాడు. ఏడాదికోసారి కాస్త కుంగుతాడు, మళ్ళీ కాస్త లేస్తాడు. ఆయన పడే కష్టమంతా అదే. అందుకని తేదీకి బదులు ఆ పూట ఏం జరిగిందో రాస్తున్నాను. పెద్ద గంట మోగితే లేస్తాం, చిన్న గంట మోగితే పడుకుంటాం. ఆ రెంటి మధ్య ఉన్నది ఒక పూట.

నా పేరు కృపావతి. లెక్కల గదిలో ఎండగోడ లెక్కలు నావి. ఎండగోడ అంటే ఊరికి ముందు, సూర్యుడికి ఎదురుగా నిలబెట్టిన ఎత్తైన గోడ. దాని వెనక మెట్లు మెట్లుగా కూరమడులు, మడుల వెనక మా ఇళ్ళు. గోడకు బిగించే పలకల్ని రేకులంటాం. చూడటానికి గాజులా ఉంటాయి కానీ గాజు కాదు. రెండు రకాల సెమీకండక్టర్ పొరల్ని ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి, పూతరేకుల మడతల్లా పేరుస్తారు. ఒక్కో పొర మందం కొన్ని అణువుల వరసంత. ఆ మందాన్నిబట్టి ఏ రంగు వెలుగు రేకులో ఇంకిపోతుందో, ఏ రంగు దాటి లోపలికి వస్తుందో తేలుతుంది. ఇంకింది కరెంటవుతుంది. దాటి వచ్చింది కూరవుతుంది. ఊళ్ళో పుట్టిన ప్రతి తగాదాకూ మూలం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

మొక్కలకు కావలసింది ఎరుపు. అంతకన్నా బలమైన నారింజ, పసుపు గోడ తీసుకున్నా వాటికి పెద్ద బాధ లేదు. కాస్త నీలం దీపాలతో పెడతాం. పాత రేకులు నారింజలో సగమే తీసుకునేవి. నేను వేసిన కొత్త వరసలో పొరలు మరీ పలచన. ఎరుపు సరిహద్దు దాకా వచ్చి, ఎరుపును ముట్టుకోకుండా ఆగుతాయి. కుంగుకాలం వచ్చేలోగా ఇళ్ళకు వెచ్చదనం కాస్త పెరగాలని ఈ ప్రయత్నం. ముందు మూడో మడి గోడకు మాత్రం బిగించి చూద్దామన్నారు.

బిగించింది మా అన్నయ్య దయాకర్. గోడ బయట, ఆ చలిగాలిలో నిచ్చెన మీద నిలబడి. దిగేటప్పటికి ఆయన వేళ్ళు వంగలేదు. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాడు. ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయన చేతులు అంతే.


నమోదు రెండు: స్నానాల సావిడిలో వేడినీళ్ళు వచ్చిన పూట

నా పేరు మారిపోయింది. ఇప్పుడు నన్ను ఊళ్ళో వేడినీళ్ళ కృపమ్మ అంటున్నారు.

కొత్త రేకుల నుంచి కరెంటు నా లెక్క కన్నా బాగా ఎక్కువ వస్తోంది. ప్రెసిడెంటు కరీముల్లా గారు ఆ మిగులును స్నానాల సావిడికి మళ్ళించారు. ఇన్నేళ్ళూ అక్కడ గోరువెచ్చని నీళ్ళే. ఇప్పుడు పొగలు వస్తున్నాయి. జనం వరసలు కట్టారు. ఊళ్ళోకెల్లా పెద్దావిడ అచ్చియ్యమ్మ గారు సావిడి గుమ్మంలో నన్ను ఆపి, తడిచేత్తోనే నా తల నిమిరి, మోకాళ్ళు మళ్ళీ తన మాట వింటున్నాయని చెప్పింది. నా జడ అంతా తడిసింది. అయినా నాకు సంతోషంగానే ఉంది. లెక్కలు వేసేవాళ్ళ తలలు ఎవరూ నిమరరు.

అన్నయ్య సావిడి నుంచి వచ్చి నా ఎదుట చేయి చాపి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి బిగించి చూపించాడు.

గదికి తిరిగొచ్చాక మాత్రం సంతోషం కాస్త తగ్గింది. లెక్క కన్నా తక్కువ వస్తే బిగించినవాళ్ళనో, దుమ్మునో తిట్టుకోవచ్చు. ఎక్కువ వస్తే తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ మిగలరు. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తోంది? వెలుగు ఊరికే పుట్టదు కదా. రేపు చూద్దామనుకున్నాను. వెళ్ళి స్నానం చేశాను.


నమోదు మూడు: వదిన లెక్కల గదికి వచ్చిన పూట

మా వదిన జ్ఞానసుందరి కూరమడుల పెద్ద. నేను అన్నంలో కలుపుకునే ప్రతి ఆకూ ఆవిడ చేతి మీదుగా వచ్చిందే. ఆ సంగతి నాకు గుర్తు చేయని పూట ఉండదు. లెక్కల గదికి మాత్రం రావడం ఇదే మొదటిసారి. కుండీలో ఒక చిక్కుడు మొక్క తెచ్చి నా బల్ల మీద, సరిగ్గా నా కాగితాల మీదే పెట్టింది.

మొక్క పొడుగ్గా, సన్నగా, పాలిపోయి ఉంది. ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు దూరం. నాకు మొక్కల గురించి తెలిసింది తక్కువ. బాగా ఎదిగిందే అన్నాను.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎదగడం కాదు కృపా, సాగడం. నీడలో పడ్డ మొక్క ఇలాగే సాగుతాది. పక్కనేదో పెద్ద చెట్టు అడ్డమున్నట్టు. నా మూడో మడిలో చెట్టు లేదు. నీ రేకులే ఉన్నాయి."

నేను గీత గీసి చూపించాను. ఇదిగో ఇక్కడిదాకా రేకు మింగుతుంది, ఇక్కడి నుంచి ఎరుపు, దాన్ని ముట్టుకోదు. వదిన ఆ గీత వంక శ్రద్ధగా చూసి, చాలా బాగుందనీ, దీన్ని తీసుకెళ్ళి చిక్కుడుకు చూపిస్తే అదే సర్దుకుంటుందనీ అంది.

నేను విత్తనం తేడా అయ్యుంటుందన్నాను. ఆవిడ అదే విత్తనం నాలుగో మడిలో కుదురుగా ఉందని చెప్పింది. ఎరువో అన్నాను. ఎరువు నువ్వొచ్చి వేశావా ఏంటి అంది. ఆవిడ అడిగింది ఒక్కటే. కొత్త రేకులు పీకించి పాతవి పెట్టించాలి. నేను కుదరదన్నాను. కారణం తెలియకుండా పీకితే కుంగుకాలానికి వెచ్చదనమూ ఉండదు, ఏం తప్పు జరిగిందో కూడా తెలియదు.

వెళ్తూ మొక్కను నా దగ్గరే వదిలేసింది. నీళ్ళు పోయడం మరిచిపోవద్దనీ, అది లెక్క కాదనీ, ప్రతి పూటా కొత్తగా చేయాలనీ చెప్పి వెళ్ళింది.


నమోదు నాలుగు: నేను మడిలోకి దిగిన పూట

వెలుగును రంగులు రంగులుగా విడదీసి చూపించే పెట్టె ఒకటి లెక్కల గదిలో ఉంది. దాన్ని మోసుకుని మూడో మడికి వెళ్ళాను. ఎండగోడ మీద ఇంతకాలంగా పని చేస్తున్నా, గోడ వెనక మట్టిలో అడుగు పెట్టడం నాకు అరుదే. వదిన మనుషులు నన్ను చూసి దారి ఇచ్చారు. దారి తప్పి వచ్చిన మేకకు ఇచ్చినట్టు ఇచ్చారు.

పెట్టె తెర మీద ఎరుపు నిండుగా కనిపించాలి. కనిపించింది, మధ్యలో ఒక గుంటతో. సన్నటి గుంట, కానీ లోతు. ఎరుపు మధ్యలో ఎవరో గోటితో గిల్లి తీసినట్టుంది. అది సరిగ్గా మొక్కలు తినే ఎరుపు. దాని అవతల ఉన్న ముదురు ఎరుపు మొక్కల తిండికి పనికిరాదు, అది మాత్రం యథాతథంగా దాటి వస్తోంది. మొక్కకు తినే ఎరుపు తగ్గి ముదురు ఎరుపు మిగిలితే, పక్క మొక్క ఆకులు తనకు అడ్డమున్నాయని అనుకుంటుంది. అందుకని పైకి సాగుతుంది. వదిన చెప్పిన నీడ నిజమే. చెట్టు లేని నీడ.

ఆ మాట ఆవిడతో ఒప్పుకున్నాను. ఆవిడ గెలిచానని అనలేదు. ఈసారి నీ గీతలో ఆ గుంట కూడా గియ్యి అని మాత్రం అంది.

గీయవచ్చు. కానీ గుంట ఎందుకు వచ్చిందో తెలియకుండా గీస్తే అది బొమ్మ అవుతుంది, లెక్క అవదు. పొరల మందం కొలిపించాను, సరిగ్గానే ఉంది. పొర నుంచి పొరకు వెలుగు వెనక్కీ ముందుకూ తట్టుకుని తనను తాను చెరుపుకుంటుందేమో చూశాను. ఆ లెక్క వేరే రంగు దగ్గర చిన్న అల చూపించింది గానీ, ఈ గుంటను చూపించలేదు.

ఈలోగా గుంట పెరుగుతోంది. కరెంటూ పెరుగుతోంది. కరీముల్లా గారు కబురు చేశారు. కుంగుకాలం ముందే అన్ని మడులకూ కొత్త రేకులు వేయించాలనీ, సభలో నేను ఒక్క మాట చెబితే చాలనీ.


నమోదు ఐదు: సావిడి మూసిన పూట

స్నానాల సావిడిలో గొట్టాలకు పాచి పట్టిందని శుభ్రం చేయడానికి మూసేశారు. ఊరంతా చిరాగ్గా తిరుగుతోంది. అలవాటు ఎంత త్వరగా పడుతుందో.

నేను మామూలుగా మడికి వెళ్ళి పెట్టె పెట్టాను. గుంట అక్కడ లేదు. లేకపోలేదు, జరిగింది. మొక్కల ఎరుపు నుంచి నారింజ వైపు, దాదాపు పక్కకు తప్పుకుంది. పెట్టె పాడైందేమోనని తుడిచి మళ్ళీ చూశాను. అదే. గోడ అడుగున ఒక గొట్టం పోతోంది, దాని మీద చేయి పెట్టి చూస్తే చల్లగా ఉంది. నిన్నటి దాకా అక్కడ చేయి పెడితే వెచ్చగా తగిలేది.

వదినను అడిగాను, ఈ గొట్టం ఏమిటని. ఆవిడ నా వైపు జాలిగా చూసింది. సావిడిలో వాడిన నీళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు గోడ పాదం వెంట పోతాయి, మొక్కల ఆవిరి గోడకు మంచై గడ్డకట్టకుండా. ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసట. నాకు తెలియదు. నా లెక్కలో గోడకు పాదం లేదు. పొరలే ఉన్నాయి.

అక్కడే, చిక్కుడు కర్రల మధ్య కూర్చున్నాను. సెమీకండక్టర్ వేడెక్కితే అది మింగే రంగుల సరిహద్దు ఎరుపు వైపు జరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళున్నప్పుడు ఆ జరుగుడు ఎంతో కొంత. ఇప్పుడు గొట్టంలో వేడినీళ్ళు. గోడ వెచ్చబడింది, సరిహద్దు జరిగింది, మొక్కల ఎరుపు మింగింది. మింగినదంతా కరెంటయింది, ఆ కరెంటు నీళ్ళను ఇంకా కాచింది, ఆ నీళ్ళు గోడను ఇంకా వేడి చేశాయి. ఊరు స్నానం చేసిన కొద్దీ గోడకు ఆకలి పెరుగుతోంది.

అచ్చియ్యమ్మ గారి మోకాళ్ళు, అన్నయ్య వేళ్ళు, అంతా మూడో మడి చిక్కుడు పెట్టిన తిండి.


నమోదు ఆరు: గుంటకు కారణం దొరికిన పూట

జరగడం అర్థమైంది. అసలు గుంట అనేది ఎందుకుందన్నది మిగిలింది. నా లెక్క ప్రకారం సరిహద్దు దగ్గర మెట్టు ఉండాలి, గుంట కాదు.

పాత రేకుల కోసం మాకు ముందున్నవాళ్ళు వేసిన లెక్కనే నేను పలచని పొరలకూ వాడాను. వెలుగు పొరలో పడితే ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైకి లేస్తుంది, వెనక ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఎలక్ట్రాన్‌కూ ఆ ఖాళీకీ మధ్య ఆకర్షణ ఉంటుంది. మందపాటి పొరల్లో అది లెక్కలోకి రానంత తక్కువ, ఒకదానికొకటి దూరంగా వెళ్ళిపోతాయి. అందుకని ఆ లెక్కలో దాన్ని వదిలేశారు. నా పొరల్లో దూరంగా పోవడానికి చోటెక్కడిది? రెండూ ఆ ఇరుకులో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ జంటగా ఉండిపోతాయి. అలాంటి జంట పుట్టడానికి కావలసిన వెలుగు సరిహద్దు కన్నా కాస్త తక్కువ బలం గలది. అంటే ఎరుపు. పైగా జంటకు ఆకలి ఎక్కువ.

ఆకర్షణను కలిపి లెక్క మళ్ళీ కట్టాను. లెక్కల యంత్రం ఎప్పుడూ ఊరి గాలిని శుభ్రం చేసే మరల్ని నడిపే పనిలో ఉంటుంది కాబట్టి, అది ఊపిరి తీసుకునే సందుల్లో నా పని చేయించుకున్నాను. తెర మీద మెట్టుకు ముందు గుంట వచ్చింది. వేడి పెంచితే ఎరుపులోకి జరిగింది. తగ్గిస్తే బయటికి వచ్చింది. పెట్టె చూపించిన గీత మీద పెడితే రెండూ దగ్గర దగ్గరగా కలిశాయి.

ఆ ఆనందంలో గదిలో ఎవరూ లేరని చిక్కుడు మొక్కకే చూపించాను. దానికి నీళ్ళు పోయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కొత్త రేకు చెడ్డది కాదు. చల్లగా ఉంచితే నేను మొదట చెప్పినట్టే నారింజ తీసుకుని ఎరుపు వదిలేస్తుంది. ఇళ్ళ వెచ్చదనానికి సరిపడా మిగులు, కాస్తే అయినా, నిజంగానే ఉంటుంది. కానీ గోడ పాదం నుంచి వేడినీళ్ళు తప్పించాలి. తప్పిస్తే దొంగ ఎరుపు పోతుంది, దానితో పొగలు కక్కే స్నానాలూ పోతాయి. తప్పించకుండా అన్ని మడులకూ ఇవే రేకులు వేస్తే, కుంగుకాలంలో ఊరంతా శుభ్రంగా స్నానం చేసి ఖాళీ కంచాల ముందు కూర్చోవాలి.


నమోదు ఏడు: అన్నయ్యకు చెప్పిన పూట

సభకు ముందే అన్నయ్యకు చెప్పాలనిపించింది. వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య పాత తాళం విప్పి లోపలి స్ప్రింగు సరిచేస్తున్నాడు, వేళ్ళు మళ్ళీ పని చేస్తున్నాయి కదా అని ఇంట్లో ఉన్న తాళాలన్నీ విప్పేశాడు. వదిన అన్నం వడ్డించింది.

చుట్టూ తిప్పి తిప్పి చెప్పాను. జంటల గురించి, సరిహద్దు గురించి, గొట్టం గురించి. అన్నయ్య తాళం కింద పెట్టి విన్నాడు. వదిన మాత్రం ఆ ఎలక్ట్రాన్ సంగతి మళ్ళీ చెప్పించుకుంది. చోటు వదిలి వెళ్ళి, వదిలిన చోటు చుట్టూనే తిరుగుతుందా అని అడిగింది. అవునన్నాను. అలక పూనిన మొగుడిలా ఉందని అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య నవ్వలేదు.

"అంటే నీళ్ళు మళ్ళీ గోరువెచ్చనే అంటావు చెల్లీ."

"అవునన్నయ్యా."

ఆయన తన కుడిచేతిని చూసుకున్నాడు. పిడికిలి బిగించాడు, విప్పాడు. మరోసారి బిగించలేదు.

"ఆ గొట్టం నీళ్ళు కట్టే కవాటం నా చేతి కిందిదే కదా. నీ మాట సభలో గెలిస్తే నేనే తిప్పుతాను. ఇంకెవరితోనో తిప్పించకు."

వదిన నా కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె చిక్కుడు కూర వేసింది. నాలుగో మడిది.


నమోదు ఎనిమిది: సభ

కరీముల్లా గారు నన్ను పొగుడుతూ మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టినవారిని మధ్యలో ఆపడం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది. కొత్త రేకులకు అందరూ సరేనన్నట్టేననీ, కృపమ్మ గారు లాంఛనంగా ఒక మాట చెబుతారనీ చెప్పి కూర్చున్నారు.

లేచి చెప్పాను. రేకులు వేయండి, గొట్టం తీయండి. మొదటి భాగానికి చప్పట్లు వచ్చాయి. రెండో భాగానికి చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

గొడవ మొదలైంది. గొట్టం తీస్తే గోడకు మంచు పడుతుందన్నారు. నిజమే. నీళ్ళు చల్లబడతాయన్నారు. అదీ నిజమే. మొన్న ఎక్కువ వస్తుందని చెప్పలేదు, వచ్చింది. ఇప్పుడు పంట పోతుందని చెబుతున్నారు, పోతుందని నమ్మకమేమిటని ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కొత్త లెక్క గీతను చూపించాను. చిక్కుడుకు చూపించినప్పుడు వచ్చినంత స్పందన కూడా రాలేదు.

అచ్చియ్యమ్మ గారు కర్ర పట్టుకుని లేచింది. కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది.

"నా తల్లే, ఈ మోకాళ్ళు మళ్ళీ బిగుసుకుపోతాయే. నీకు ఇష్టమేనా?"

ఇష్టం లేదన్నాను.

అప్పుడు వెనక వరసలో వదిన లేచింది. నన్ను బలపరుస్తుందనుకున్నాను. ఆవిడ ముందు నా మీదే మొదలుపెట్టింది. ఈ అమ్మాయికి ఎండగోడకు పాదముందని మొన్నటి దాకా తెలియదని ఊరందరికీ చెప్పింది. మొక్కకు నీళ్ళు పోయమంటే గీతలు చూపించిందని చెప్పింది. జనం నవ్వారు. నవ్వడం పూర్తయ్యేదాకా ఆగింది.

"తప్పయితే తప్పని తనే వచ్చి చెప్పింది. తనకి పేరు తెచ్చిన నీళ్ళని తనే ఆపమంటంది. సొంత అన్న చేతులు మళ్ళీ బిగుసుకుంటాయని తెలిసీ ఆపమంటంది. గీతలు మనకి అర్థం కాకపోతే పోనీండి. ఒక్క మూడో మడికి గొట్టం కట్టేసి చూత్తే పోద్ది కదా. కొత్త చిగురు కుదురుగా వస్తే అన్ని మడులకీ వేద్దాం. రాకపోతే ఆ రేకులు నేనే పీకేత్తాను, పీకాలని నాకు మొదటి నుంచీ సరదాగానే ఉంది."

కరీముల్లా గారు చేతులెత్తమన్నారు. ఎక్కువమందే ఎత్తారు. అచ్చియ్యమ్మ గారు చివరగా, సగం మాత్రం ఎత్తింది. సగాన్ని ఎలా లెక్కపెట్టాలని ఎవరో నన్నడిగారు. పూర్తిగా లెక్కపెట్టమన్నాను.


నమోదు తొమ్మిది: మంచు

అన్నయ్య కవాటం తిప్పాడు. బిగుసుకుంది కాబట్టి బలంగా తిప్పాల్సి వచ్చింది. ఆ బలం ఆయన చేతుల్లో ఇంకా ఉంది, అప్పటికి.

గోడ చల్లబడింది, గుంట పక్కకు తప్పుకుంది. కానీ సభలో అన్నట్టే లోపలి వైపు మంచు పట్టింది. మొక్కల ఊపిరి గోడకు తగిలి తెల్లటి పొర కట్టింది. నేను ఎంతో కష్టపడి కాపాడిన ఎరుపు ఇప్పుడు మంచు దాటి రావడం లేదు. నా లెక్కలో చాలా పొరలున్నాయి, ఈ పొర లేదు.

వదిన పొడి గుడ్డల మూట తెచ్చి నా ముందు పడేసింది. తుడవడం తప్ప మార్గం లేదు. తుడిస్తే కొంతసేపటికి మళ్ళీ పడుతుంది, మళ్ళీ తుడవాలి. మొదటి పూట వదిన, నేను, ఆవిడ మనుషులు కొందరు. నా భుజాలు పడిపోయాయి. తర్వాతి పూట కరీముల్లా గారు తలపాగా చుట్టుకుని వచ్చారు. ఆ తర్వాత ఇంటికొకరు వంతులు వేసుకున్నారు. అచ్చియ్యమ్మ గారు పీట వేయించుకుని గోడ కింది వరసను కూర్చుని తుడిచింది, మోకాళ్ళ మీద బరువు పడని చోటు అదేనట.

అన్నయ్య గుడ్డ పట్టుకోలేకపోయాడు. వేళ్ళు మళ్ళీ మొండికేశాయి. ఊరికే కూర్చోబెడితే ఆయన పడే బాధ చూడలేక, తుడిచినచోట మంచు గీతలు మిగిల్చినవాళ్ళను పట్టుకునే పని వదిన ఆయనకు అప్పగించింది. ఆయన దాన్ని ఎంత శ్రద్ధగా చేస్తున్నాడంటే, జనం ఆయన కన్నా మంచే నయమంటున్నారు. చిన్న గంటకు ముందు వదిన ఒక గిన్నెడు నీళ్ళు కాచి తెచ్చి ఆయన ముందు పెడుతుంది. ఆయన చేతులు ముంచుతాడు. ఆ నీళ్ళు చల్లారేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుంటారు. నేను వేరే వైపు తుడుస్తాను.

చిక్కుడు పాత కాండాలు సాగినవి సాగినట్టే ఉన్నాయి. వాటి కొసల్లో కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఆకుకూ ఆకుకూ మధ్య వేలెడంత కూడా లేదు. వదిన వంగి చూసి, ఊఁ అంది. నేను ఆవిడను చాలా ఏళ్ళుగా ఎరుగుదును. ఇంత పొడుగు మెచ్చుకోలు ఇదే మొదటిది.


నమోదు పది: సూర్యుడు కుంగిన పూట

అన్ని మడులకూ కొత్త రేకులు పడ్డాయి. గొట్టం గోడ పాదం వదిలి, ధాన్యం గది కింద నుంచి పోతోంది. నిజమైన మిగులు ఇళ్ళకు వెళ్ళింది. స్నానాల సావిడిలో ఒక తొట్టి మాత్రం బాగా వేడిగా ఉంచగలమని లెక్క తేలింది. అది గోడ బయట పని చేసేవాళ్ళకూ, ముసలివాళ్ళకూ అని సభ తీర్మానించింది. ఆ మాట నేను ప్రతిపాదిస్తే చెల్లెలు అన్నకు పెట్టిందంటారని అన్నయ్య గొణిగాడు. ప్రతిపాదించింది అచ్చియ్యమ్మ గారు. ఆవిడ నన్ను వేడినీళ్ళ కృపమ్మ అనడం మానేసి, ఒక్క తొట్టి కృపమ్మ అంటోంది.

ఈ పూట సూర్యుడు సగం కొండల వెనక్కి దిగాడు. ఊరంతా మడుల్లోకి వచ్చింది, కొంత తుడవడానికి, కొంత చూడటానికి. గోడ చల్లగా, తేటగా ఉంది. దాని గుండా వచ్చే వెలుగు నాకు కొత్తగా కనిపించింది. నారింజ లేదు, పసుపు లేదు. ఒట్టి ఎరుపు, పలచగా, చిక్కుడు ఆకుల మీదా, మట్టి మీదా, గుడ్డలు పట్టుకుని నిలబడ్డ మనుషుల ముఖాల మీదా. ఇంతకాలం గోడ మింగిన వెలుగునే లెక్కేశాను. అది వదిలేసిన వెలుగులో నిలబడి ఎప్పుడూ చూడలేదు. పెట్టె తేవడం మరిచిపోయాను. తెచ్చినా అప్పుడే దాన్ని చూసేదాన్ని కాదేమో.

నా కళ్ళు తడిశాయి. వదిన చూసేసింది. చూసి, పక్కకు తిరిగి, నిచ్చెన లాగి గోడకు ఆనించి, పొడి గుడ్డ నా చేతిలో పెట్టింది.

"పై వరసకి ఎవరికీ చెయ్యి అందట్లేదు కృపా. ఇంత ఎత్తు కట్టమన్న లెక్క మీ గదిదే కదా. ఎక్కు."

ఎక్కాను. వదిన కింద నిచ్చెన పట్టుకుంది.